క్రోన్స్ వ్యాధికి ఆరు వారాల ద్రవాహారం: గంజి, కొబ్బరినీళ్ళతో ఇంట్లోనే చేయవచ్చా?

రణస్థలం నుంచి రాసిన బాబు ప్రశ్న క్లుప్తంగా ఇది. వయసు 27. పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. చిన్నపేగు చివరి భాగంలో క్రోన్స్ (పేగులో మంట, పుండ్లు వచ్చే దీర్ఘకాలిక వ్యాధి) ఉందని రెండేళ్ళ కిందట తేలింది. అజాథియోప్రిన్, మెసలమైన్ వాడుతున్నారు. మూడు నెలలుగా కడుపునొప్పి, రోజుకు ఐదారు విరేచనాలు మళ్ళీ మొదలయ్యాయి. బరువు 60 నుంచి 52 కిలోలకు దిగింది. డాక్టరుగారు స్టెరాయిడ్ మొదలుపెడదామన్నారు. అది ఇష్టం లేక, వీడియోలో చూసిన ఆరు వారాల ద్రవాహారాన్ని ఇంట్లోనే చేద్దామనుకుంటున్నారు. అంటే గంజి, చోడి (రాగి) అంబలి, కొబ్బరినీళ్ళు, బత్తాయి రసం, మజ్జిగ తప్ప మరేమీ ఉండదు. ఈలోగా మందులు ఆపవచ్చా అన్నది రెండో ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. క్రోన్స్‌కు ద్రవాహార చికిత్స అనేది నిజంగానే ఉంది. మీరు రాసిన జాబితా మాత్రం ఆ చికిత్స కాదు, అది ఆరు వారాల అర్ధాకలి. అసలు చికిత్సలో అన్ని పోషకాలూ లెక్క ప్రకారం ఉన్న తయారీ పొడిని నీళ్ళలో కలిపి, ఆరు నుంచి ఎనిమిది వారాలు దాన్ని మాత్రమే తాగిస్తారు. మీ డాక్టరు ఒప్పుకుంటే స్టెరాయిడ్‌కు బదులుగా మీరూ దాన్ని ప్రయత్నించవచ్చు. మందులు మాత్రం, ముఖ్యంగా అజాథియోప్రిన్, సొంతంగా ఆపకండి.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పేగువ్యాధి రోగులకు ఆహార ప్రణాళికలు వేసే డైటీషియన్‌ని. మందుల మోతాదు గురించి చెప్పడం నా పని కాదు, చెప్పను. తిండి విషయంలో మాత్రం మొహమాటం లేకుండా రాస్తాను.

మొదట గంజి లెక్క చూద్దాం. మీ బరువుకు, తగ్గిన కండ తిరిగి రావాలంటే రోజుకు 1,800 నుంచి 2,000 కేలరీలు కావాలి. వ్యాధి చురుకుగా ఉన్నప్పుడు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అవసరం, అంటే మీకు 62 నుంచి 78 గ్రాములు. ఇప్పుడు మీ జాబితాకు వద్దాం. ఒక బోండాంలో నీళ్ళు 300 మిల్లీలీటర్లనుకుంటే వచ్చేవి దాదాపు 60 కేలరీలు. బత్తాయి రసం గ్లాసుకు 80, 90. వార్చిన గంజి అంతకన్నా మెరుగేమీ కాదు, బియ్యంలోని సత్తువలో ఎక్కువభాగం అన్నంలోనే ఉండిపోతుంది. నాలుగు గ్లాసుల గంజి, రెండు బోండాలు, మూడు గ్లాసుల రసం, కాస్త పలుచటి మజ్జిగ కలిపితే 700 కేలరీలు దాటడం కష్టం. ప్రొటీన్ 15 గ్రాములు వస్తే గొప్పే. చోడి అంబలి వీటికన్నా నయం కానీ, కడుపు పట్టినంత తాగినా లోటు పూడదు. ఇలా ఆరు వారాలంటే ఇప్పటికే ఎనిమిది కిలోలు తగ్గిన ఒంట్లో మిగిలిన కండ కూడా కరుగుతుంది. రక్తంలోని ముఖ్యమైన ప్రొటీన్ అల్బుమిన్ పడిపోతుంది, పాదాలు వాస్తాయి.

దీనికన్నా నన్ను భయపెట్టే విషయం ఇంకొకటుంది. గంజి తాగితే మీకు బాగానే అనిపిస్తుంది. నాలుగో రోజుకు విరేచనాలు రెండుకు తగ్గవచ్చు, నొప్పి సర్దుకోవచ్చు. పీచు లేదు, పిప్పి లేదు, పేగులోకి దిగేదే తక్కువ, కాబట్టి బయటికి వచ్చేదీ తక్కువే. సన్నబడిన పేగులోంచి ద్రవం సులువుగా జారిపోతుంది కనుక మెలిపెట్టే నొప్పి కూడా రాదు. లోపల పుండు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. వీడియోల్లో "వారంలో తగ్గిపోయింది" అని చెప్పేవాళ్ళు అబద్ధం చెబుతున్నారని నేననను. వాళ్ళకు నిజంగానే అలా అనిపించి ఉంటుంది. పుండు మానుతోందా, పేగు ఖాళీగా ఉందా అన్నది విరేచనాల సంఖ్యను బట్టి తెలియదు. మలంలో, పేగు మంటను చూపే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చెబుతుంది, రక్తంలో సి.ఆర్.పి. (ఒంట్లో మంట ఉంటే పెరిగేది), అల్బుమిన్ చెబుతాయి. మొదలుపెట్టే ముందొకసారి, చివర ఒకసారి కాల్‌ప్రొటెక్టిన్ చేయించకుండా ద్రవాహారానికి దిగితే, ఆరు వారాలు కష్టపడి ఏమి సాధించారో మీకే తెలియదు.

ఇక అసలు చికిత్స సంగతి. 1984లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం పూర్తిగా విడగొట్టిన పోషకాల ద్రవాన్ని స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసోలోన్‌తో పోల్చి చూసింది. రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. అప్పట్లో అందరూ ఇచ్చిన వివరణ "పేగుకు విశ్రాంతి" అని. మన ఇళ్ళలో లంఖణానికి చెప్పే కారణమూ అదే కాబట్టి ఆ మాట ఇట్టే నచ్చుతుంది. తరువాతి పరిశోధనల ముందు ఆ వివరణ నిలవలేదు. ప్రొటీన్‌ను ముక్కలు చేసి ఇచ్చినా, పాలలోని ప్రొటీన్‌ను మామూలుగానే ఇచ్చినా ఫలితంలో తేడా కనిపించలేదు. విశ్రాంతే కారణమైతే, అరిగించుకోవలసిన పనిలేని ద్రవం ఎక్కువ పనిచేసి ఉండాలి కదా! ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు నమ్మేదేమిటంటే, మామూలు తిండిలో పేగు పొరను, అక్కడి సూక్ష్మజీవులను రెచ్చగొట్టేవి కొన్ని ఉన్నాయి. అవి కొన్ని వారాలు పూర్తిగా ఆగిపోవడం వల్ల మంట తగ్గుతుంది. మీకు ఇందులో ఒక లాభం ఉంది. ఖరీదైన, వాంతి వచ్చే రుచి ఉండే ఎలిమెంటల్ (పూర్తిగా విడగొట్టిన పోషకాల) డబ్బాలు కొననక్కరలేదు. ఎన్‌ష్యూర్ తరహా మామూలు సంపూర్ణ పొడులు సరిపోతాయి. ప్రొటీన్‌ను ముక్కలు చేసి ఇచ్చే పెప్టమెన్ లాంటివి ఎప్పుడు కావాలో డాక్టరు చెబుతారు. హార్లిక్స్, బూస్ట్, జిమ్‌కు వెళ్ళేవాళ్ళు కొనే ప్రొటీన్ పొడులు ఈ లెక్కలోకి రావు, అవి సంపూర్ణాహారం కావు.

ఎంతమందికి పనిచేస్తుంది? పిల్లలకైతే యూరప్ మార్గదర్శకాలు దీన్నే మొదటి చికిత్సగా చెబుతున్నాయి, ఎందుకంటే స్టెరాయిడ్ ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఇది ఎదగనిస్తుంది. సాలూరు వైపు నుంచి వచ్చిన ఒక పద్నాలుగేళ్ళ అమ్మాయిని నేను చూశాను. వయసుకు తగిన ఎత్తు లేదు, రజస్వల కాలేదు, బడికి వెళ్ళే ఓపిక లేదు. తొలి వారం ముక్కులోంచి గొట్టం పెట్టి రాత్రిపూట ఎక్కించాల్సి వచ్చింది, తరువాత తానే తాగింది. ఎనిమిది వారాలు పూర్తిచేసి, ఆపై నిలకడ మందులు (వ్యాధి తిరగబెట్టకుండా ఇచ్చేవి) వాడుతూ ఏడాది తిరిగేలోపు తల్లి భుజం దాటింది.

పెద్దవాళ్ళ సంగతి ఇంత బాగుండదు. అనేక అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2018 సమీక్షలో పెద్దల్లో ద్రవాహారంతో వ్యాధి అణిగినవాళ్ళు 45 శాతం, స్టెరాయిడ్‌తో 73 శాతం. పిల్లల్లో అది తిరగబడింది, 83కు 61. అయితే ఆ పిల్లల సంఖ్య చాలా తక్కువ. పెద్దల్లో ఫలితం తగ్గడానికి పెద్ద కారణం మధ్యలో మానేయడం. ఉద్యోగం, పెళ్ళిళ్ళు, రుచి మొహం మొత్తడం. మీ వయసు 27, కాబట్టి మీరు చూసుకోవలసినది పెద్దల అంకె. పెద్దప్రేగు పుండ్ల వ్యాధికి, అంటే అల్సరేటివ్ కొలైటిస్‌కు, ద్రవాహారం ఈ విధంగా పనిచేస్తుందన్న రుజువు లేదు. కింద వ్యాఖ్యల్లో "మా అన్నయ్యకు కొలైటిస్, ఆయనా చేయవచ్చా" అని అడిగినవారికి నా జవాబు ఇదే.

మొదలుపెట్టే ముందు మన ప్రాంతంవాళ్ళు రెండు విషయాలు తేల్చుకోవాలి.

ఒకటి, పేగు క్షయ. చిన్నపేగు చివర పుండు, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, సన్నబడిన పేగు: ఇవి క్రోన్స్‌లోనూ ఉంటాయి, టీబీలోనూ ఉంటాయి. బయాప్సీలో కూడా ఒక్కోసారి తేడా తెలియదు. అందుకే మన దేశంలో చాలామంది డాక్టర్లు అనుమానం ఉంటే ముందు రెండు మూడు నెలలు టీబీ మందులు వాడి చూస్తారు. క్రోన్స్ అని నా దగ్గరికి పంపిన ఒకామె ద్రవాహారం మీద కిలోన్నర పెరిగింది, నొప్పి తగ్గింది, ఇంటిల్లిపాదీ సంతోషించారు. జ్వరం మాత్రం వదలలేదు. మళ్ళీ కొలొనోస్కోపీ చేస్తే టీబీ అని తేలింది. మంచి పోషణ దొరికితే టీబీ రోగి కూడా బరువు పెరుగుతాడు, అంతమాత్రాన రోగం పోయినట్లు కాదు. మీరు రెండేళ్ళుగా అజాథియోప్రిన్ వాడుతున్నారు. అది రోగనిరోధక శక్తిని తగ్గించే మందు. కనుక ఇప్పుడు వ్యాధి తిరగబెట్టిందా, కొత్తగా టీబీ వచ్చిందా అని మీ డాక్టరుగారిని తప్పకుండా అడగండి. జ్వరం ఉందో లేదో మీరు రాయలేదు.

రెండోది, కిడ్నీ. మీరు ఉండేది రణస్థలం కానీ, మీ అమ్మగారి ఊరు కవిటి దగ్గర అని రాశారు. కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతం పేరు చెబితే కారణం తెలియని ఆ కిడ్నీ జబ్బు ఇక్కడ ఎవరికైనా గుర్తొస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు డయాలిసిస్ ఎరగని వీధి తక్కువ. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయంటే సమస్య ఎంతదో చూడండి. ఆ జబ్బు చాలాకాలం ఏ లక్షణమూ చూపించదు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) పెరిగిన మనిషికి రోజుకు 70 గ్రాముల ప్రొటీన్ ఉన్న డబ్బా పాలు ఇష్టమొచ్చినట్లు పోయకూడదు. కొబ్బరినీళ్ళు, బత్తాయి రసం సంగతి ఇంకా తీవ్రం, వాటినిండా పొటాషియమే. సోంపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన పేగు బాగుపడాలని తోటలో కాయలు దింపించుకుని రోజంతా నీళ్ళే తాగారు. రక్తపరీక్షలో పొటాషియం చూసి డాక్టరుగారు అక్కడికక్కడే చేర్చుకున్నారు. మీకు కిడ్నీ బాగానే ఉండవచ్చు. అయినా క్రియాటినిన్ రిపోర్టు చేతిలో లేకుండా నేను డబ్బా తెరవనివ్వను. మెసలమైన్ వాడేవాళ్ళకు ఎలాగూ అప్పుడప్పుడూ ఆ పరీక్ష చేయించాలి.

వీటితోపాటు సీటీ ఎంటెరోగ్రఫీ (చిన్నపేగును చూపే స్కాన్) కూడా అవసరం కావచ్చు. పేగు బాగా సన్నబడి పైభాగం ఉబ్బి ఉన్నా, చీము గడ్డ ఉన్నా ఆహారంతో నెట్టుకురావడం కుదరదు, సర్జన్ చూడాలి.

ఖర్చు, శ్రమ ముందే తెలియాలి కాబట్టి ఆ లెక్కా చెబుతాను. వంద గ్రాముల పొడిలో దాదాపు 440 కేలరీలుంటాయి. మీకు రోజుకు 450 గ్రాములు పడుతుంది, అంటే 400 గ్రాముల డబ్బా ఒక రోజుకు చాలదు. ఆరు వారాలకు సుమారు 47 డబ్బాలు. మందుల షాపులో ఒక డబ్బా ధర అడిగి 47తో హెచ్చవేసుకుని, ఆ మొత్తం మీ ఇంటికి భారమనిపిస్తే ఇప్పుడే ఆగండి. మూడో వారంలో డబ్బు అయిపోయి పొడి పలుచగా కలపడం మొదలుపెట్టినవాళ్ళను చూశాను, దానివల్ల ఏ ఫలితమూ రాదు. స్టెరాయిడ్ వాడటం తప్పేమీ కాదు. కొద్దివారాలు వాడి క్రమంగా తగ్గించుకునే ప్రెడ్నిసోలోన్, అరకొరగా సాగే ద్రవాహారం కన్నా ఎన్నో రెట్లు మేలు.

తాగే పద్ధతి: గ్లాసుకు దాదాపు 240 కేలరీలు వచ్చేలా కలిపితే రోజుకు ఎనిమిది గ్లాసులు. మొదటి రోజే ఎనిమిదీ వద్దు. సగంతో మొదలుపెట్టి మూడు నాలుగు రోజుల్లో పూర్తి మోతాదుకు వెళ్ళండి. గటగటా తాగితే కడుపు ఉబ్బి విరేచనమవుతుంది, ఒక్కో గ్లాసుకు అరగంట తీసుకోండి. కాచి చల్లార్చిన నీళ్ళలోనే కలపాలి, పాలలో కాదు. కలిపింది బయట ఎంతసేపు ఉంచవచ్చో డబ్బామీద ఉంటుంది, మన ఎండాకాలంలో దాన్ని మీరవద్దు. చల్లగా, మూత ఉన్న సీసాలో స్ట్రా పెట్టుకుని తాగితే వాసన తెలియదు. మంచినీళ్ళు విడిగా తాగవచ్చు. రాత్రి షిఫ్టులో రెండు సీసాలు ఫ్లాస్కులో ఐసుతో పట్టుకెళ్ళండి. క్యాంటీన్‌లో టిఫిన్ వేళకు వేరేచోట కూర్చోవడమే మంచిది, మొదటి వారంలో ఆకలికన్నా నమలాలనే కోరిక ఎక్కువ బాధిస్తుంది. రెండో వారానికి చాలామందికి అది తగ్గుతుంది. మలం ఆకుపచ్చగా రావడం, ఒక్కోసారి మలబద్ధకం మామూలే.

సమయం కూడా చూసుకోండి. సంక్రాంతి, పైడితల్లమ్మ సిరిమాను, ఇంట్లో పెళ్ళి ఈ ఆరు వారాల మధ్యలో పడకుండా ఉంటే మంచిది. "ఒక్క ముద్దకేమవుతుంది" అనే మేనత్తలు అన్ని ఊళ్ళలోనూ ఉంటారు. ఏమవుతుందో 2006లో బ్రిటన్‌లో పిల్లలమీద చేసి చూశారు. మొత్తం ద్రవమే తీసుకున్న గుంపులో 42 శాతానికి వ్యాధి అణిగింది. సగం ద్రవం, సగం ఇష్టమైన తిండి తిన్న గుంపులో 15 శాతానికి మాత్రమే.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, మీకు పనికొచ్చేది బహుశా ఇదే. 2019లో ఇజ్రాయెల్, కెనడా వైద్యులు పిల్లలమీద మరో పద్ధతి పరీక్షించారు. మొదటి ఆరు వారాలు సగం కేలరీలు డబ్బానుంచి, మిగతా సగం ఎంచిన కొద్దిపాటి పదార్థాలనుంచి: కోడిమాంసం, గుడ్లు, అన్నం, బంగాళాదుంప, అరటిపండు, యాపిల్. గోధుమ, పాలు, ప్యాకెట్ తిళ్ళు పూర్తిగా బంద్. తరువాతి ఆరు వారాలు డబ్బా వాటా పావుకు తగ్గుతుంది, తిండి కొంచెం విస్తరిస్తుంది. పన్నెండో వారానికి స్టెరాయిడ్ లేకుండా వ్యాధి అణిగి ఉన్నవాళ్ళు 75 శాతం దాకా ఉంటే, పూర్తి ద్రవాహారంతో మొదలుపెట్టిన గుంపులో 45 శాతం. ఆ రెండో గుంపు ఆరో వారం తరువాత పావు వాటా డబ్బాతో మామూలు తిండికి వచ్చేసింది. నమిలే తిండి ఉంటే మనిషి నిలబడతాడన్నదీ ఒక కారణం. అంటే "సగం" అన్నది తప్పు కాదు, మిగతా సగంలో ఏముందన్నదే ప్రశ్న. అన్నం తినే మనకు ఈ పద్ధతి గోధుమ తినేవాళ్ళకన్నా తేలిక, మొదటి ఆరు వారాల డబ్బాల ఖర్చూ సగానికి దిగుతుంది. నేనిప్పుడు ఉద్యోగాలు చేసే పెద్దవాళ్ళకు డాక్టరు అనుమతితో ఎక్కువగా దీన్నే వేస్తున్నాను. శాకాహారులకు మాత్రం కష్టం. పేగు సన్నబడి ఉంటే యాపిల్ విషయంలో మార్పులు చేయాలి, కనుక వీడియో చూసి అనుసరించే వ్యవహారం కాదు.

ఇప్పటికే గంజి మొదలుపెట్టేసి ఉంటే ఈ పేరా జాగ్రత్తగా చదవండి. వారం పది రోజులు దాదాపు పస్తున్న మనిషి ఒక్కసారిగా కడుపునిండా తింటే, లేదా పూర్తి మోతాదు డబ్బా పాలు తాగితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం హఠాత్తుగా పడిపోతాయి. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు. పది రోజులు రసాలమీద ఉండి, భయపడిన అమ్మమ్మ వండిపెట్టిన నాటుకోడి భోజనం తిన్న మర్నాడు లేవలేని స్థితిలో ఆసుపత్రికి వచ్చిన కుర్రాడు నాకు తెలుసు. మీరు తగ్గింది బరువులో పదమూడు శాతం పైగా, మీరూ ఆ ప్రమాదం అంచునే ఉన్నారు. అలాంటప్పుడు ముందు రక్తపరీక్ష, థయమిన్ (బి1 విటమిన్), ఆపైన కొద్దికొద్దిగా పెంచుతూ ఆహారం. ఇది ఆసుపత్రిలో జరగాలి.

ఏ పద్ధతిలో ఉన్నా ఆగకుండా వాంతులు, కడుపు ఉబ్బి గ్యాసు కూడా పోకపోవడం, చలిజ్వరం, మలంలో నెత్తురు, గుండెదడ, పాదాల వాపు కనిపిస్తే ఆహారం గురించి నన్ను అడుగుతూ కూర్చోకండి. దగ్గరలో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళండి.

మందుల విషయం. ద్రవాహారం వ్యాధిని అణుస్తుంది, అణిగినదాన్ని అలాగే ఉంచలేదు. ఏ నిలకడ మందూ లేకుండా మామూలు తిండికి వచ్చినవాళ్ళలో చాలామందికి ఏడాదిలోపే తిరగబెడుతుంది. అజాథియోప్రిన్ వాడుతుండగానే మీకు తిరగబెట్టింది కాబట్టి, మోతాదు సరిపోతోందా, మందు మార్చాలా అన్నది డాక్టరుగారితో విడిగా మాట్లాడవలసిన విషయం. రెండేళ్ళలో మీరు మానేసిన రోజులుంటే దాచకుండా చెప్పండి, కొత్త మందు నిర్ణయం దానిమీదే ఆధారపడుతుంది.

ఆరు వారాలు అయ్యాక మామూలు తిండికి ఒక్కరోజులో రాకూడదు. మెత్తటి అన్నం, పెసరకట్టు, ఇడ్లీ, గుడ్డు, ముల్లు తీసిన చేప లాంటివి ఒక్కొక్కటే చేర్చుకుంటూ డబ్బా గ్లాసులు తగ్గించుకోవాలి, రెండు వారాలు పడుతుంది. పేగు సన్నబడి ఉన్నవాళ్ళు పనసపొట్టు, మునక్కాడ, తోటకూర కాడల జోలికి పోవద్దు.

మీ కొలొనోస్కోపీ, బయాప్సీ రిపోర్టులు, తాజా క్రియాటినిన్, అల్బుమిన్, కాల్‌ప్రొటెక్టిన్ అంకెలు, జ్వరం ఉందో లేదో, మాంసాహారం తింటారో లేదో ఇక్కడ రాయండి. పేరు, ఆసుపత్రి పేరు అక్కరలేదు. వాటిని చూసి పూర్తి ద్రవమా, సగమా అన్నదానిపై మీ డాక్టరుగారిని అడగవలసిన ప్రశ్నలు, గ్లాసుల లెక్క రాసిపెడతాను. అందాకా రోజూ తినే అన్నం, పప్పు ఆపకండి.